శిలలో జాగిలం, కథలో జాగిలం, ఇంటిముందు జాగిలం

తెలుగు భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందని అనవచ్చు. 11వ శతాబ్దిలో నన్నయ ఆదిపర్వం ఆరంభంలోనే సరమ కథ చెప్పాడు. జనమేజయుడి తమ్ములు యజ్ఞశాల దగ్గర ఆడుకుంటున్న సారమేయుణ్ణి అకారణంగా కొడతారు. తల్లి సరమ రాజు ముందుకు వచ్చి న్యాయం అడుగుతుంది, హెచ్చరించి వెళ్ళిపోతుంది. 13వ శతాబ్దిలో తిక్కన భారతాన్ని పూర్తిచేస్తూ మహాప్రస్థానికపర్వంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్కను చూపించాడు. దాన్ని వదిలేస్తేనే స్వర్గమంటే తనకు ఆ స్వర్గమే అక్కరలేదన్నాడు ధర్మరాజు. ఒక చోట కుక్క న్యాయం అడుగుతుంది. మరో చోట కుక్కే మనిషి న్యాయబుద్ధికి పరీక్ష అవుతుంది.

మన సామెతల్లో మాత్రం కుక్కకు ఇంత మర్యాద లేదు. కుక్కతోక వంకర, కుక్కకాటుకు చెప్పుదెబ్బ అనడమే మనకు అలవాటు. కావ్యం ఎత్తిన చోటికీ, సామెత దించిన చోటికీ మధ్య అసలు జీవితంలో కుక్క ఎక్కడ ఉండేది? పొలాన్నీ, మందనూ, ఇంటినీ, వేటనూ నమ్ముకొని బతికిన మనుషులకు అది ఏమయ్యేది? ఈ ప్రశ్నకు మంచి ఆధారాలు కొన్ని తెలుగునాటి సరిహద్దులకు అవతల, మన పత్రిక చదివే విద్యార్థులు పుట్టి పెరిగిన ప్రాంతాల్లోనే ఉన్నాయి. ఆ ఆధారాలు అన్నీ ఒకే రకానివి కావు. సంఘటన జరిగిన కాలంలోనే చెక్కినది ఒకటి, ఊరినుంచి ఊరికి నడిచివచ్చిన కథ ఒకటి, చాలాకాలం తరువాత నిలబెట్టిన స్మారకం ఒకటి, ఇప్పటికీ ఇంటిముందు మొరుగుతున్న జాతి ఒకటి. వీటిలో దేన్ని ఎంతవరకు నమ్మాలన్నది చరిత్ర విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి పాఠం. అందుకే ఈ వ్యాసానికి కుక్కను ఎంచుకున్నాము.

మాట సంగతి

ముందు పదాల గురించి రెండు ముక్కలు. కన్నడంలో నాయి, తమిళంలో నాయ్, మలయాళంలో నాయ. మనకు వాడుకలో ఉన్నది కుక్క. బెంగుళూరులోనో మదురైలోనో చదివే విద్యార్థి ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట వాడుతూ పెరుగుతాడు కనుక ఈ తేడా అతనికి చెప్పనక్కరలేదు. శునకం, సారమేయం సంస్కృతంనుంచి వచ్చినవి. వేటకుక్కకు తెలుగులో ఉన్న ప్రత్యేకమైన మాట జాగిలం. పాత కావ్యాల వేట వర్ణనల్లో కనిపించే ఈ మాట వాడుకలోంచి పోలేదు. దొంగతనం జరిగిన చోటికి పోలీసు జాగిలాలు వచ్చాయని తెలుగు దినపత్రికలు నేటికీ రాస్తున్నాయి. వేట పోయింది, వేటకుక్క పేరు పోలీసుశాఖకు చేరింది.

రెండు శిలలు

తమిళనాడు తిరువణ్ణామలై జిల్లాలో చెంగం ప్రాంతం వీరగల్లులకు పేరుపొందింది. తమిళులు వీటిని నడుకల్ అంటారు. ఆ ప్రాంతంలోని ఎడుత్తనూరులో పల్లవ మహేంద్రవర్మ 34వ పాలనా సంవత్సరానికి చెందిన ఒక శిల ఉంది. అంటే 7వ శతాబ్ది తొలి భాగం. పశువుల మందలకోసం జరిగిన పోరులో కరుందేవకత్తి అనే వీరుడు చనిపోయాడు. ఆయనకు రాయి నిలిపారు. ఇంతవరకు విశేషం లేదు, ఇటువంటి రాళ్ళు దక్షిణదేశమంతటా వందల్లో ఉన్నాయి. విశేషమంతా తరువాతి మాటల్లో ఉంది. కోవివన్ అనే అతని కుక్క ఇద్దరు దొంగలను కరిచి కాపలాగా నిలిచిందని ఆ శాసనం చెబుతుంది. శిల్పంలో వీరుడి వెనుక కుక్క నిలబడి ఉంటుంది.

ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది, కుక్కకు పేరుంది. ఆ కాలపు శాసనాల్లో పేరు దక్కని మనుషులు ఎందరో ఉన్నారు, ఈ కుక్కకు దక్కింది. రెండవది, కుక్క చేసిన పని ఏమిటో స్పష్టంగా చెప్పారు. యజమానిపై విశ్వాసం చూపిందని గాలిలో పొగడలేదు. ఎంతమందిని కరిచిందో లెక్క చెప్పారు. పశువే సంపద అయిన సమాజంలో మందను కాచిన కుక్క సైనికుడితో సమానం. వీరుడి రాయిలో దానికి చోటు ఇవ్వడం ఆ ఊరివాళ్ళకు వింతగా తోచి ఉండదు.

రెండవ శిల కర్ణాటకలో మండ్య జిల్లా మద్దూరు తాలూకా ఆతకూరులో దొరికింది. ఇప్పుడు అది బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దానిమీద చెక్కినది ఒక కుక్కా ఒక అడవిపందీ తలపడుతున్న దృశ్యం. చుట్టూ పాతకన్నడ శాసనం. శక సంవత్సరం 872, అంటే సామాన్యశకం 949-50.

కథ ఇది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు, ఆయన సామంతుడూ బావా అయిన గంగరాజు రెండవ బూతుగుడు కలిసి చోళులమీదికి వెళ్ళారు. నేటి అరక్కోణం దగ్గరి తక్కోలంలో 949లో యుద్ధం జరిగింది. చోళ పరాంతకుడి కుమారుడు రాజాదిత్యుడు అందులో చనిపోయాడు. బూతుగుడి కొలువులోని మణలేరుడనే వీరుడు ఆ యుద్ధంలో గొప్పగా పోరాడాడు. కృష్ణుడు మెచ్చి ఏం కావాలో కోరుకోమన్నాడు. మణలేరుడు ఊరు అడగలేదు, బంగారం అడగలేదు. రాజుగారి దగ్గరున్న కాళి అనే వేటకుక్కను ఇమ్మన్నాడు. రాజు ఇచ్చాడు. తరువాత కెళలెనాడులో బెళతూరు కొండకు పడమటి వైపున ఒక పెద్ద అడవిపందిమీదికి కాళిని వదిలారు. కుక్కా పందీ రెండూ పోరాడి చచ్చాయి. ఆతకూరులో చల్లేశ్వరాలయం ఎదుట కుక్కకు రాయి నిలిపి, దానికి భూమి ఇచ్చారు. ఆలయం చూసుకునే గొరవడు ఆ రాయికి పూజ చేయకుండా అన్నం తింటే కుక్క చేసిన పాపం అతనికి తగులుతుందని కట్టుబాటు కూడా రాశారు.

ఇదే శాసనంలో యుద్ధఫలితంగా బూతుగుడికి దక్కినవీ రాశారు. బనవాసి 12000, బెళ్వొల 300, పురిగెరె 300, కిసుకాడు 70, బాగెనాడు 70. ఈ అంకెలు ఆ నాడుల్లోని గ్రామాల లెక్కను తెలిపే సంప్రదాయ సంఖ్యలు. సామంతుడికి రాజ్యభాగాలు, సేవకుడికి ఒక కుక్క. పైకి చూస్తే ఎంత తేడా! కాని శాసనం రాయించినవాళ్ళ మనసులో అది చిన్నది కాదు. చక్రవర్తి సొంత జాగిలం చేతికి రావడమంటే చక్రవర్తి వేటలో, అంటే ఆయన అంతరంగ బృందంలో, చోటు దక్కినట్టే. భూమిని ఎవరైనా పొందవచ్చు. అలాంటి సన్నిహిత కానుక అందరికీ రాదు.

చరిత్రకారులకు ఈ శిల మరొకందుకు ముఖ్యం. తక్కోలం యుద్ధం దక్షిణదేశ చరిత్రలో పెద్ద మలుపు. రాజాదిత్యుడు ఎలా చనిపోయాడన్న విషయంలో రెండు వాదాలున్నాయి. చోళుల లైడెన్ తామ్రశాసనం ఏనుగుమీద ఉన్న అతణ్ణి కృష్ణరాజు బాణాలు కూల్చాయంటుంది. ఆతకూరు శాసనం చంపినవాడు బూతుగుడంటుంది. చోళుల శాసనం తమ రాకుమారుడికి చక్రవర్తి చేతి మరణాన్ని ఇచ్చింది, గంగరాజ్యపు శాసనం ఆ ఘనత తమ రాజుకు కట్టింది. అయితే యుద్ధం జరిగిన ఏడాది లోపల, అందులో పోరాడిన మనిషి సంబంధంతో పుట్టిన సాక్ష్యం ఆతకూరుది. ఇంత ముఖ్యమైన సంగతి మనకు మిగిలింది ఒక కుక్క చనిపోవడం వల్ల. కాళి ఆ పందిని వెంటాడకపోతే ఆ రాయి లేదు, ఆ రాయి లేకపోతే ఆ మాట లేదు. రాజులకోసం మాత్రమే శాసనాలు వెతికేవారు ఇది గుర్తుంచుకోవాలి.

గొరవడన్న మాట మీద కూడా ఒక సంగతి. శాసనంలో అది శైవ అర్చకుణ్ణి చెబుతుంది. తరువాతి కాలంలో కర్ణాటకలో మైలారలింగని భక్తులను గొరవయ్యలనడం మొదలైంది. వారిలో కొందరు దేవుడి కుక్కలమని చెప్పుకొని జాతరలో మొరుగుతారు, పాత్రలో పోసిన ప్రసాదాన్ని నోటితో తింటారు. మహారాష్ట్రలో ఇదే దేవుడు ఖండోబా. జేజురి పటాల్లో ఆయన గుర్రం పక్కన కుక్క ఉంటుంది. తెలంగాణలో కొమురవెల్లి, అయినవోలు మల్లన్నగా కొలువైనదీ ఈ దేవుడే. ఓరుగల్లు నగరాన్ని వర్ణించిన క్రీడాభిరామం మైలారదేవుని వీరభటులను చూపించింది. మాట ఒకటైనంత మాత్రాన 10వ శతాబ్ది గొరవడూ నేటి గొరవయ్యా ఒకటే అనరాదు. గొర్రెలకాపరుల దేవుడి పక్కన కుక్క నిలవడం మాత్రం మూడు భాషల నేలమీద ఒకే తీరుగా ఉంది. మంద ఉన్నచోట కుక్క లేకుండా దేవుడు కూడా లేడు.

నడిచివచ్చిన కథ

శిల కదలదు, కథ కదులుతుంది. విజయనగర స్థాపన గురించి అందరూ విన్న కథ ఒకటి ఉంది. తుంగభద్ర ఒడ్డున రాజు వేటాడుతుంటే ఒక కుందేలు పారిపోకుండా వేటకుక్కలమీదికే తిరగబడి కరిచింది. ఆ వింత చూసిన ముని, ఆ చోట నగరం కట్టమని చెప్పాడు. 1530ల్లో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఈ కథను రాసిపెట్టాడు. అంటే నగరం పుట్టిన రెండువందల ఏళ్ళ తరువాత ప్రజల నోట ఉన్న కథ అది.

ఇదే కథ తమిళనాడులో తూత్తుకుడి జిల్లా పాంచాలంకురిచ్చిలో వినిపిస్తుంది. వీరపాండ్య కట్టబొమ్మన పూర్వులు వేటకు వెళ్ళినప్పుడు కుందేలు వేటకుక్కలను తరిమిందనీ, ఆ మట్టిలో వీరత్వముందని అక్కడ కోట కట్టారనీ చెబుతారు. 1799 అక్టోబరు 16న కంపెనీవారు కయత్తారులో ఉరితీసిన కట్టబొమ్మన తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల వంశంవాడు. విజయనగర సైన్యాలతోనూ నాయకరాజులతోనూ దక్షిణానికి వలసవెళ్ళిన తెలుగు కుటుంబాలు తమ సామానుతోపాటు తమ కథలనూ తీసుకువెళ్ళాయని దీన్నిబట్టి ఊహించడం సులభం.

తొందర పడకూడదు. గుజరాతులో 1411లో వెలిసిన అహమ్మదాబాదు గురించి కూడా కుందేలు కుక్కను తరిమిన కథే చెబుతారు. కాబట్టి ఇది ఎవరి సొంతమూ కాని సంచారి కథ. హంపీనుంచి పాంచాలంకురిచ్చికి వలసబండిలో వచ్చి ఉండవచ్చు, వేరే దారిలోనూ వచ్చి ఉండవచ్చు. దీన్ని కోటకు శంకుస్థాపన చేసిన రోజు జరిగిన సంఘటనగా రాసే విద్యార్థి పొరపాటు చేసినట్టే. కల్పితమని పక్కన పారేసే విద్యార్థి కూడా ఒక సాక్ష్యాన్ని పోగొట్టుకున్నట్టే. కథ ఏమి చెబుతోంది? వేటకుక్క ధైర్యానికి కొలబద్ద. దాన్ని ఎదిరించగలిగితేనే కుందేలుకు, ఆ నేలకు విలువ. కొత్తచోటికి వచ్చిన పాళెగారు కుటుంబం ఆ నేలను తెలుసుకున్నది వేటలోనే. ఎక్కడ నీరుంది, ఎక్కడ పొద ఉంది, కోటకు ఎత్తైన చోటేది అన్నవి కుక్కల వెనుక పరుగెత్తినవాడికి తెలుస్తాయి. కథలోని కుందేలు కల్పితం కావచ్చు, కుక్క మాత్రం కల్పితం కాదు.

తరువాత వచ్చిన స్మారకం

మహారాష్ట్ర విద్యార్థులకు తెలిసిన ఉదాహరణ రాయగఢ్‌లో ఉంది. 1680లో మరణించిన శివాజీ సమాధి దగ్గర వాఘ్యా అనే కుక్క విగ్రహం ఎత్తైన దిమ్మెమీద నిలబడి ఉంటుంది. యజమాని చితిలోకి ఆ కుక్క దూకిందని కథ. సమకాలీన పత్రాల్లో ఇందుకు ఆధారం లేదు. రాం గణేశ్ గడ్కరీ (1885-1919) రాసిన రాజసంన్యాస్ నాటకంతో కథకు ప్రచారం వచ్చింది. విగ్రహం నిలిచింది 1930ల్లో. 2011లో కొందరు ఆ విగ్రహాన్ని పెకలించారు, మళ్ళీ యథాస్థానంలో నిలిపారు. 2025లో దాన్ని తొలగించాలన్న కోరిక తిరిగి వచ్చి పెద్ద చర్చ నడిచింది.

ఆతకూరు రాయినీ రాయగఢ్ విగ్రహాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కుక్కలకు కట్టినవే. మొదటిది చూసినవాళ్ళు చెక్కించింది. రెండవది దాదాపు రెండున్నర శతాబ్దాల తరువాత, అలా జరిగి ఉంటే బాగుండునని అనుకున్నవాళ్ళు నిలిపింది. మొదటిది 10వ శతాబ్దికి సాక్ష్యం. రెండవది 17వ శతాబ్దికి సాక్ష్యం కాదు, 20వ శతాబ్ది మరాఠీ మనసుకు సాక్ష్యం. దానికీ చరిత్రలో విలువ ఉంది. ఏ కాలానికి ఏది సాక్షి అన్నది తేల్చుకోకుండా వాదులాడితే మిగిలేది కోపమే.

ఇంటిముందు ఉన్నది

ఇక బతికి ఉన్న సాక్ష్యం. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల పాదాన రాజపాళయం ఉంది. విజయనగర కాలపు వలసలతో ముడిపడిన రాజుల కుటుంబాలు అక్కడ స్థిరపడి శతాబ్దాలు గడిచాయి. ఇంట్లో నేటికీ తెలుగే. ఆ ఊరి పేరు దేశానికి తెలిసింది నూలుమిల్లులతోనూ కుక్కతోనూ. రాజపాళయం కుక్క పొడుగు కాళ్ళు, లోతైన ఛాతీ, పాలవంటి తెలుపు, గులాబిరంగు ముక్కు కలిగినది. అడవిపంది వేటకూ, పొలానికీ ఇంటికీ కాపలాకూ దాన్ని పెంచారు. పాళెగార్ల యుద్ధాల్లో కంపెనీ గుర్రపుదళం మీదికి ఈ కుక్కలను వదిలారని అక్కడివారు చెప్పుకుంటారు. ఇదీ కుందేలు కథలాంటి నోటిమాటే. అయినా ఈ కుక్కలు పాళెగార్ల ఇళ్ళ ముందు పెరిగాయన్న జ్ఞాపకాన్ని అది భద్రంగా మోస్తోంది.

చుట్టుపక్కల ఊళ్ళకు కూడా తమతమ జాతులున్నాయి. చిప్పిపారై ఒక ఊరి పేరు, కోంబై తేని జిల్లాలో మరో ఊరి పేరు. కన్ని అనే జాతిని పెళ్ళికూతురికి పుట్టింటివారు ఇచ్చేవారనీ, ఆ పేరు అందుకే వచ్చిందనీ అంటారు. కర్ణాటకలో బాగల్‌కోటె జిల్లా ముధోళ్ కుక్క సంగతి వేరు. దక్కనులో గొర్రెలకాపరులూ వేటగాళ్ళూ పెంచిన సన్నని పరుగుకుక్కను ముధోళ్ సంస్థానాధిపతి మాలోజీరావు ఘోర్పడే చేరదీసి, ఐదవ జార్జి రాజుకు కానుకగా ఇచ్చాడు. అప్పటినుంచి దానికి సంస్థానం పేరే నిలిచింది. మహారాష్ట్రలో దాన్నే కారవానీ అంటారు. బిడారులతో నడిచిన కుక్క అని అర్థం. కాపరి పెంచిన కుక్కకు రాజు పేరు వచ్చింది, బాటసారుల పేరు పక్కకు పోయింది. పేర్ల చరిత్రలో ఇది తరచు జరిగేదే.

2005 జనవరిలో తపాలాశాఖ నాలుగు దేశీయ జాతులతో బిళ్ళలు విడుదల చేసింది. అందులో రాజపాళయం, ముధోళ్ రెండూ ఉన్నాయి. 2016లో సైన్యం ముధోళ్ పిల్లలను మీరట్‌కు శిక్షణకోసం తీసుకువెళ్ళింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ముధోళ్, రాజపాళయం, కన్ని, చిప్పిపారై, కోంబైల పేర్లు చెప్పడంతో వీటిని కొనేవారు పెరిగారు. గౌరవం వచ్చింది, దానితో చిక్కూ వచ్చింది. తెల్లని రంగుమీద మోజుతో దగ్గరి రక్తసంబంధం ఉన్న జతలనే కలుపుతూ పోవడం వల్ల రాజపాళయం పిల్లల్లో పుట్టుచెవుడు కనబడుతోంది. పాతకాలపు పెంపకందారు రంగుకన్నా పని చూసుకునేవాడు. పందిని నిలవేయలేని కుక్కకు, పొలం కాయలేని కుక్కకు ఆయన జత కలిపేవాడు కాదు. పని పోయాక మిగిలేది అందమే. అందం ఒక్కటే కొలతైతే జాతి క్షీణిస్తుంది.

పోయేది కుక్క ఒక్కటే కాదు. రాజపాళయం తెలుగులో పిల్లను ఎంచుకునేటప్పుడు పెద్దలు దేన్ని చూస్తారు, ఏ లక్షణానికి ఏ మాట వాడతారు, కుక్కను పిలవడానికి, ఉసికొల్పడానికి, ఆపడానికి ఏ మాటలు, ఏ జబ్బుకు ఏ ఆకు, ఏ నెలలో ఏ తిండి, ఇదంతా పెంపకందారుల నోట ఉంది. మూలదేశంనుంచి విడివడి శతాబ్దాలు గడిచిన తెలుగులో, తమిళం మధ్య బతికిన తెలుగులో, ఈ మాటలు ఎలా నిలిచాయో ఎలా మారాయో తెలిస్తే భాషాచరిత్రకు, సమాజచరిత్రకు రెండింటికీ లాభం. ఆంధ్రలో తయారైన మాండలిక పదకోశాల్లో ఈ మాటల కోసం వెతికితే లాభం లేదు, ఎందుకంటే వాటిని పలికే మనుషులు అక్కడ లేరు.

ఎడుత్తనూరువాళ్ళు తమ కుక్క పేరు రాశారు, అది ఎందరిని కరిచిందో రాశారు. మణలేరుడి మనుషులు కొండ పేరు, దిక్కు కూడా రాశారు. వారికి చేతిలో ఉన్నది ఉలి. శతాబ్దాల తరువాత మనం చదవగలుగుతున్నాము. మనకు కలం ఉంది, మాటలు పట్టుకునే యంత్రం జేబులోనే ఉంది. రాజపాళయంలోనో, కృష్ణగిరిలోనో, బళ్ళారిలోనో, షోలాపూరులోనో, బరంపురంలోనో మీ ఇంటి పెద్దలు మంద కాచినవారో, వేట ఎరిగినవారో, మంచి కుక్కను పెంచినవారో అయితే ఈ సెలవుల్లో వారి దగ్గర కూర్చోండి. ముందు కుక్క పేరు అడగండి. తరువాత అది చేసిన పని అడగండి. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ ఏడు అన్నవి తప్పకుండా రాయండి. చూసి చెప్పిన సంగతినీ విని చెప్పిన కథనూ వేరువేరు కాగితాలమీద పెట్టండి.